వరహాలక్క ఇవ్వని నీళ్ళు

గోదావరి దాటే పంటు మీద ఉన్నాను, కాని మోటారుసైకిళ్ళు ఉండాల్సిన చోట ఆసుపత్రి మంచాలు వరసగా ఉన్నాయి, వాటి మధ్యలోంచి నా తోటికోడలు వరహాలక్క, పోయి మూడేళ్ళయిన మనిషి, స్టీలు గ్లాసు పట్టుకుని తొణక్కుండా నడిచి వస్తోంది. చుట్టూ అంత నీరుంది, నా నాలుక మాత్రం అట్టలా ఎండిపోయింది.

"ఒక్క గుక్క ఇవ్వక్కా."

"ఇప్పుడే కాదు," అని గ్లాసు వెనక్కి పెట్టుకుంటుంది. బతికున్నప్పుడూ అంతే, ఆవకాయ గది తాళం నా చేతికిచ్చేది కాదు.

పక్కన కూర్చుంటుంది, పంటు కదులుతూ కదులుతూనే మా వంటిల్లవుతుంది, గూట్లో మా మాత్రల డబ్బా కనబడుతుంది. ఆవిడకు ఉబ్బసం, నాకు కీళ్ళవాతం, రోగాలు వేరైనా రాసిన స్టెరాయిడ్ మాత్ర ఒకటే, పదేళ్ళు ఒకే డబ్బాలోంచి వేసుకున్నాం. ఇన్నాళ్ళూ గొంతులో ఉండిపోయిన మాట అనేస్తాను.

"కడుపు బిగిసిందన్నావు ఆ రోజు. నొప్పి లేదు, జ్వరం లేదు, గ్యాసే అని వాము నమిలించి పడుకోబెట్టింది నేనే అక్కా. పేగుకి చిల్లు పడిందని తెలీలేదు."

"నాకు మాత్రం తెలుసేంటి? ఆ మాత్రలు నొప్పిని కప్పేత్తాయంట కదా. డాక్టరు మీకు చెప్తన్నప్పుడు అక్కడే ఉన్నాన్లే. మరి నీ కడుపు బిగిసినప్పుడు ఏం చేశావే?"

"వాము ముట్టుకోలేదు. నొప్పి లేకపోయినా ఆటో ఎక్కేశాను. స్టెరాయిడ్ వాడుతున్నాను, మా అక్క ఇలాగే పోయింది అని కనబడ్డ డాక్టరుకల్లా చెప్పాను. వెంటనే స్కాన్ తీసి ఆపరేషన్ చేశారు."

"మరింకేం. ఎప్పుడూ నా మాట వినని దానివి, పోయాకైనా విన్నావు."

నాకు ఏడుపొస్తుంది. నన్ను బతికించింది నువ్వే అక్కా అని ముఖం మీదే చెబుతాను. పొగిడితే గిట్టని మనిషి, విసుక్కుంటుంది.

"సర్లే. పేగు లేచిందా? అది లేచేదాకా నీళ్ళివ్వకూడదంట."

అని నా పొట్ట మీద చెవి ఆనించి, ఎసరు కాగిందో లేదో చూసినట్టు కాసేపు వింటుంది. "పేగు కూత్తంది," అంటుంది.

మెలకువ వచ్చేసరికి తెల్లారిపోయింది, కుట్లు సలుపుతున్నాయి. ఆపరేషనై ఇది మూడో రోజు. చెప్పుకోవడానికి సిగ్గే గాని, దుప్పటి కింద గట్టిగా గాలి పోయింది. పేగు కదిలిందనడానికి అదే గుర్తని పూటపూటా అడుగుతున్న నర్సు పక్క మంచం దగ్గర్నుంచే వింది.

"అమ్మయ్య, మాణిక్యం గారూ," అని నవ్వి, డాక్టరునడిగి వచ్చి, స్టీలు గ్లాసులోంచి రెండు చెంచాల నీళ్ళు నా నోట్లో పోసింది. మొదటి చెంచా వరహాలక్క పేరు చెప్పుకుని మింగాను.