వెనుక బెంచీ తాళంచెవులు

వేదవతికి మిగిలింది ఇక ఒక్క వీడియో.

మొదటి రెండూ పోయాయి. కంపెనీ పెట్టిన పరీక్ష ఇది: మూడు పాఠాల్లో ఒక్కటైనా పిల్లలకు నచ్చాలి. తీసిన పాఠాన్ని అబ్దుల్లాపూర్‌మెట్‌లోని ఒక బడికి పంపుతారు. ముప్ఫై మంది పిల్లలు తలా ఒక ట్యాబ్‌లో చూస్తారు. కనీసం సగం మంది చివరిదాకా చూడాలి. మొదటి పాఠాన్ని నలుగురు చూశారు. రెండోదాన్ని ఆరుగురు. మూడోది ఈ రోజు మూడింటికి వెళ్లాలి. అదీ పోతే ఉద్యోగం లేదు.

వెనక్కి వెళ్దామన్నా దారి లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో పంతొమ్మిదేళ్లు ఫిజిక్స్ చెప్పింది. రోజుకు ఐదు క్లాసులు. ఇలాగే అరిస్తే రెండేళ్లలో గొంతు పోతుందని డాక్టరు చెప్పాక రాజీనామా ఇచ్చి, ఎల్బీనగర్‌లోని ఈ ఆన్‌లైన్ పాఠాల కంపెనీకి వచ్చింది. కాలేజీలో ఆమె కుర్చీలో అప్పుడే ఇంకొకాయన కూర్చున్నాడు.

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"మొదలుపెట్టండ్రి మేడం," అన్నాడు మహిపాల్. కెమెరా, ఎడిటింగ్ అన్నీ అతనే.

ఆమె మొదలుపెట్టింది. ఎదురుగా ఒక గాజు కన్ను. అది తల ఊపదు, ఆవలించదు, పక్కవాడితో గుసగుసలాడదు. రెండు నిమిషాలకే మహిపాల్ చెయ్యెత్తాడు.

"ఏమనుకోకండ్రి మేడం. వార్తలు చదివినట్టున్నది."

"నాకూ తెలుస్తోందండీ. ఎవరికి చెబుతున్నానో తెలియడం లేదు, అదీ బాధ."

తలుపు మీద ఎవరో కొట్టారు. మట్టయ్య. కాలేజీలో ల్యాబ్ అటెండరు, వచ్చే మార్చిలో రిటైరవుతాడు. చేతిలో గుడ్డ సంచి, నడుముకు ల్యాబ్ తాళంచెవుల గుత్తి.

"మీ స్ప్రింగ్ బ్యాలెన్స్ మేడం. ల్యాబ్‌ల మర్చిపోయిండ్రు. కొత్త సారు పడేయమన్నడు."

"దీనికోసం ఇంత దూరం వచ్చారా?"

"ఏం దూరం? మెట్రోల మూడో స్టేషన్. మధ్యాహ్నం దాకా ల్యాబ్ లేదు."

"కూసో కాకా," అన్నాడు మహిపాల్. "సప్పుడు మాత్రం జెయ్యకు."

మట్టయ్య కెమెరా వెనక స్టూలు మీద కూర్చున్నాడు. వేదవతి మళ్లీ మొదలుపెట్టింది. లిఫ్టు పైకి బయల్దేరినప్పుడు మన బరువు పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుంది? బోర్డు మీద బాణాలు గీసింది. సమీకరణం రాసింది. మూడో నిమిషంలో తాళంచెవులు గలగలమన్నాయి.

"కాకా, ఏం జెప్పిన నీకు?"

"చెయ్యి అలవాటు సారూ. తప్పయింది."

వేదవతి నవ్వబోయి ఆగింది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. ల్యాబ్‌లో ఆమె పాఠం చెబుతుంటే తలుపు దగ్గర నిలబడి మట్టయ్య గుత్తి ఆడించేవాడు. తాళం వేసి వెళ్లే తొందర కాబోలనుకుని, కొంచెం విసుగ్గానే, "సరే, మళ్లీ మొదటి నుంచి చెబుతాను" అనేది. కానీ ఇక్కడ అతను తాళం వేయాల్సిన గది లేదు.

"మట్టయ్యా, నిజం చెప్పండి. ఎందుకు మోగించారు?"

అతను తల దించుకున్నాడు. "సమజ్ కాలే మేడం."

"మీకా?"

"నాకు సమజ్ కాలేదంటే వెనుక బెంచీలోళ్లకు కానట్టే. మీరు బోర్డు దిక్కు తిరిగుంటరు. నేను తలుపు కాడికెల్లి వాళ్ల మొఖాలు జూస్త."

"అన్నేళ్లూ అందుకేనా? ఒక్కసారైనా నాతో అనలేదేం?"

"పిల్లల ముందల మేడంకు అటెండర్ చెప్పుడేంది? బాగుండదు. సప్పుడైతే మీరే మళ్ల చెప్తుండ్రి."

వేదవతి కుర్చీలో కూలబడింది. వేదవతి మేడం చెబితే వెనుక బెంచీకి కూడా అర్థమవుతుందని కాలేజీ ఏటా కరపత్రంలో వేసేది. ఈ కంపెనీ ఆమెను పిలిచింది కూడా ఆ పేరు వినే. ఆ పేరులో సగం, తలుపు దగ్గర నిలబడ్డ మనిషిది.

కళ్లు తుడుచుకుని లేచింది. "ఎక్కడ అర్థం కాలేదు?"

"బరువు పెరుగుతదంటిరి. నేను ఇప్పుడే లిఫ్టుల వచ్చిన. నాకేం పెరగలే."

మహిపాల్ పకపకా నవ్వాడు. వేదవతి నవ్వలేదు. స్ప్రింగ్ బ్యాలెన్స్ చేతిలోకి తీసుకుంది.

"ఆ గుత్తి ఇటివ్వండి. మహిపాల్, కెమెరా భుజానికెత్తుకోండి."

"యాడికి మేడం?"

"లిఫ్టులోకి."

పాత లిఫ్టు. కుదుపుతోనే కదులుతుంది. బ్యాలెన్స్ కొక్కేనికి గుత్తి తగిలించింది. ముల్లు మూడు వందల గ్రాముల దగ్గర నిలిచింది. ఐదో అంతస్తు నొక్కింది. లిఫ్టు బయల్దేరుతూనే ముల్లు మూడు వందల పాతికకు పెరిగి, వెంటనే మూడు వందలకు వచ్చేసింది.

"మళ్ల ఎందుకు మామూలైంది?" అన్నాడు మట్టయ్య.

"వేగం మారినప్పుడే తేడా. ఒకే వేగంతో పోతుంటే ఏమీ ఉండదు. మీరు గమనించకపోవడానికి కారణం అదే, ఒక్క క్షణంలో అయిపోతుంది." ఆమె కెమెరాను మరిచిపోయింది. "ఇప్పుడు కిందికి దిగుదాం. ముందే చెప్పండి, బయల్దేరేటప్పుడు ముల్లు ఎటు పోతుంది?"

"తగ్గుతదా?"

"చూద్దాం."

తగ్గింది. మట్టయ్య మొహం వెలిగింది. ఏడుసార్లు ఎక్కి దిగారు. మూడో అంతస్తులో ఒకాయన తల లోపలికి పెట్టి, లిఫ్టు ఖరాబైందా అని అడిగాడు.

"లేదన్నా, క్లాస్ నడుస్తుంది," అన్నాడు మహిపాల్.

గదికి తిరిగొచ్చాక బోర్డు మీద సమీకరణం రాసి పాఠం ముగించింది. మట్టయ్య గుత్తి తీసుకుని ల్యాబ్ వేళకు వెళ్లిపోయాడు. మూడింటికి వీడియో వెళ్లింది. నాలుగున్నరకు అంకె వచ్చింది. ముప్ఫైలో ఇరవై ఆరు.

ఇంటికి కూడా చెప్పకుండా ముందు మట్టయ్యకు ఫోన్ చేసింది. అతను ల్యాబ్ మూసేస్తున్నాడు.

"ఉద్యోగం నిలిచింది మట్టయ్యా. ఇరవై ఆరుగురు చివరిదాకా చూశారు. మీ పుణ్యమే. ఇవాళ్టిదే కాదు, పంతొమ్మిదేళ్లదీ."



"గట్లనకుండ్రి మేడం," అన్నాడు. తరువాత, "ఆ నలుగురు ఏడ ఆపిండ్రు?"

ఆమె ఆ సంగతే చూడలేదు. మహిపాల్ స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. నలుగురూ ఒకేచోట ఆగారు.

"బోర్డు మీద సమీకరణం రాసిన దగ్గర."

ఫోన్‌లో తాళంచెవులు ఒక్కసారి గలగలమన్నాయి.

వేదవతి మహిపాల్‌కు కెమెరా చూపించి, చాక్‌పీసు అందుకుంది.

"సరే, మళ్లీ మొదటి నుంచి చెబుతాను," అంది.