ఉప్పు సరిపోయిందా?

ఆ ఇంట్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మాస్టర్ అంటారు. చదువు చెప్పే మాస్టారు అనుకునేరు, కాదు. వంట మాస్టర్. దేశం కాని దేశానికి పెద్ద చదువు కోసం వచ్చినవాడికి ఆ పేరెలా అంటుకుందో చెప్పాలంటే, ముందు మాడిన పప్పు గురించి చెప్పాలి.

అతను వచ్చిన మొదటి వారం సంగతి. ఆ వాటాలో మొత్తం నలుగురు. ఇల్లు తన పేరు మీద అద్దెకు తీసుకుని మిగతావాళ్ళను చేర్చుకున్నవాడు పెద్దన్న. ఎవరికి ఏ వరసో తెలియకపోయినా అందరి చేతా బావ అని పిలిపించుకునేవాడొకడు. పుస్తకంలోంచి తలెత్తకుండా రోజులు గడిపేసే కళ్ళజోడు ఒకడు. ఆ సాయంత్రం వంట వంతు బావది. పప్పు పొయ్యి మీద పడేసి ఫోన్లో కబుర్లలో పడ్డాడు మహానుభావుడు. మాడు వాసన గదులన్నీ చుట్టి, పైకప్పుకు బిగించిన పొగ గంట మోగి, కింద వాటా ఆవిడ కర్రతో తన కప్పు పొడిచేదాకా అతనికి ఈ లోకంతో పని పడలేదు.

"పోనీలే, పైపైన తీసుకు తిందాం" అన్నాడు పెద్దన్న నీరసంగా.

అలాగే తిని ఊరుకుని ఉంటే ఈ గొడవే లేదు. కానీ కొత్తగా వచ్చినవాడు ఊరుకోలేకపోయాడు. లేచి వెళ్ళి, అడుగు కదలకుండా పైపప్పును వేరే గిన్నెలోకి ఒంపాడు. మాడు వాసన లాగేయడానికి ఒక ఉల్లిపాయను చెక్కలు చేసి అందులో వేసి మూత పెట్టాడు. వెల్లుల్లి చితక్కొట్టి పోపు పెట్టాడు. కాసేపటికి నలుగురూ గిన్నె గీకి మరీ తిన్నారు.

"నువ్వు మామూలోడివి కాదురా బాబూ, మాస్టర్‌వి!" అన్నాడు పెద్దన్న వేళ్ళు నాక్కుంటూ.

ఆ మాటకు అతని గుండె గుభేలుమంది. ఊళ్ళో వాళ్ళ నాన్నను పిలిచేదీ అలాగే.

నాన్న పెళ్ళి వంటలు చేస్తాడు. గాడిపొయ్యి తవ్వించి, దాని మీద గుండిగలెక్కించి, మనిషెత్తు తెడ్డుతో కలిపే వంటలు. సెలవులొస్తే స్నేహితులు ఆటలకు పోయేవాళ్ళు, ఇతను పొగలో కళ్ళు తుడుచుకుంటూ కూరలు తరిగేవాడు. ఒకసారి తోటి విద్యార్థి అక్క పెళ్ళిలో క్లాసు క్లాసంతా బంతిలో కూర్చుంటే సాంబారు బకెట్టు పట్టుకుని వాళ్ళ ముందుకు వెళ్ళాల్సి వచ్చింది. "ఒరేయ్, నువ్వా! ఇంకో గరిటె వెయ్యి" అని నవ్వారు వాళ్ళు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, జన్మలో గరిటె పట్టనని. ఆ ఒట్టు కోసమే రాత్రింబవళ్ళు చదివాడు. నీళ్ళను శుభ్రం చేసే ఇంజనీరింగులో ఇక్కడ సీటొచ్చింది. నాన్న ఏం చేస్తాడని ఇక్కడివాళ్ళడిగితే, "వ్యాపారం" అన్నాడు. తీరా చూస్తే, సముద్రాలు దాటొచ్చినా ఆ గరిటె అతని కన్నా ముందే వచ్చి కూర్చుని ఉంది.

మర్నాడు వంట వంతు కళ్ళజోడుది. "మాస్టర్, కొంచెం చూడవా, నాకు రేపు సబ్మిషనుంది" అన్నాడు. ఆ తర్వాతి రోజు పెద్దన్నకు నడుం పట్టేసింది. వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ఏ రోజు ఊడిపోయిందో, ఎవరు చెత్తబుట్టలో వేశారో తెలియదు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో వంట అంటే మాస్టర్, మాస్టర్ అంటే వంట.

వంటగది ఒక మనిషి తిరిగితే రెండో మనిషి బయట నిలబడాల్సినంత. కిటికీ జానెడే తెరుచుకుంటుంది, ఎవరో దూకేస్తారన్నట్టు గొలుసు బిగించి ఉంచారు. పొగ గంటకు ప్లాస్టిక్ సంచీ కట్టడం, పోపు వేయడం, సంచీ విప్పడం, ఇదీ రోజూ సాయంత్రం వరస. చదువుకోవడానికున్నది ఒక్కటే బల్ల, అదే భోజనాల బల్ల. అతని పుస్తకాలు తెరుచుకునే వేళకు కంచాలు వచ్చేవి. ప్రయోగశాలకు వేసుకెళ్ళే తెల్లకోటుకు ఇంగువ వాసన పట్టేసింది. పక్కన నిలబడే అమ్మాయి అటూ ఇటూ చూసి ముక్కు ఎగబీలిస్తే, తానూ ఏమీ ఎరగనట్టు అటూ ఇటూ చూసేవాడు.

వద్దని చెప్పొచ్చు కదా అంటారా? నోరు తెరవగానే మొహమాటం అడ్డమొచ్చేది. వణికించే చలిలో విమానం దిగి, పెట్టె పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడితే వచ్చి తీసుకెళ్ళింది పెద్దన్న. ఎవరూ గది ఇవ్వని రోజుల్లో పరుపిచ్చాడు, తన చలికోటిచ్చాడు. ఆ కోటు ఇప్పటికీ ఒంటి మీదే ఉంది. దాన్ని వేసుకుని "నేను వండనన్నా" అనడానికి నోరు రావాలి కదా.

ఇంకొకటి కూడా ఉంది, ఇది అతను తనకు తానే ఒప్పుకునేవాడు కాదు. వాళ్ళు తింటూ "అబ్బ!" అంటే అతనికి కడుపు నిండేది. నాన్న పొయ్యి మీద ఉన్నదాన్ని ఎన్నడూ రుచి చూడడు, దేవుడికీ పెళ్ళివారికీ పెట్టకముందే ఎంగిలి చేయకూడదంటాడు. ఉప్పు గుప్పిటితో విసురుతాడు, వంగి ఆవిరి వాసన పీలుస్తాడు, అంతే. తర్వాత మొదటి బంతి లేచేదాకా పందిరి గుంజ పక్కన నిలబడి తినేవాళ్ళ చేతులు చూస్తాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న చెయ్యి ఆగకుండా రెండో ముద్దకు పోయిందంటే ఉప్పు సరిపోయినట్టే. కొడుక్కీ అదే అలవాటు. రోజూ ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడి ముగ్గురి చేతులూ చూసేవాడు. ప్రయోగశాలలో ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు. ఇక్కడ మెచ్చుకునేవాళ్ళు.

అలా సాగుతుండగా బావ పుట్టినరోజొచ్చింది. ఇంటి నిండా జనం. పగలంతా వండి, వడ్డించి, అర్ధరాత్రి దాకా అంట్లు కూడా తోమి, మర్నాడు పొద్దున్నే ప్రయోగ పరీక్షకు వెళ్ళినవాడు గాజు గొట్టం చేతిలో పట్టుకుని నిలబడే కునుకు తీశాడు. గొట్టం పగిలింది, పరీక్ష పోయింది. ప్రయోగశాల మేడమ్ మంచి మనిషి. పక్కకు పిలిచి నెమ్మదిగానే చెప్పింది: వచ్చే సోమవారం మళ్ళీ పెడతాను, అదీ పోతే ఈ కోర్సులో నీ చోటు ఉండదు, ఇంటికి వెళ్ళిపోవలసి వస్తుంది.

ఇంటికి వెళ్ళడమంటే ఏమిటో అతనికి తెలుసు. ఆ సాయంత్రమే నాన్న ఫోన్ చేశాడు.

"ఏరా, గొంతు అలా ఉందేంటి?"

"పరీక్ష సరిగ్గా రాయలేదు నాన్నా."

"ఓస్, అంతేనా? పోతే పోనీ, వచ్చెయ్. నాకూ భుజం లేవట్లేదు, ముహూర్తాలేమో మీద పడుతున్నాయి. నీ చేతిలో ఉన్న ఉప్పు కొలత నా పనివాళ్ళలో ఒక్కడికీ లేదనుకో!"

నాన్న గొంతులో దిగులు లేదు సరికదా, ఆశ ఉంది. అదే అతన్ని భయపెట్టింది. ఇక్కడ గరిటె వదలకపోతే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే అక్కడ తెడ్డు కాచుకుని ఉంది. ఎటు తిరిగినా గరిటే.

బుధవారం పొద్దున పెద్దన్న హుషారుగా వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "మాస్టర్, ఆదివారం మా ఆఫీసువాళ్ళను భోజనానికి పిలిచాను. ఓ పాతికమంది ఉంటారు. నీ పప్పు గురించి ఊదరగొట్టేశాన్లే. పరువు నీ చేతిలో ఉంది."

"అన్నా, సోమవారం నాకు..."

"పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోతుందిరా. నీకు చిటికెలో పని." చిటికె వేసి మరీ చూపించి వెళ్ళిపోయాడు.

రోజంతా ఆలోచించాడు. కాదనలేడు, వండలేడు. చివరికి ఒక దారి తోచింది. వంట పాడు చేయాలి. ఒక్క పూట నోట్లో పెట్టుకోలేనంత పాడు చేస్తే, పాతికమంది ముందు పరువెందుకు పోగొట్టుకోవాలని పెద్దన్నే ఆ భోజనం మానుకుంటాడు. తాను పల్లెత్తు మాట అనక్కర్లేదు. మొహమాటస్తుడి బుర్రకు తట్టే ఉపాయాలు ఇలాగే ఉంటాయి మరి.

ఆ సాయంత్రం పప్పు ఉడికింది. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టాడు. చెయ్యి తనంతట తాను ఎంత తీయాలో అంతే తీసింది. అది వేశాడు. ఇంకోసారి పెట్టాడు, చెయ్యి బయటికి రానంది. చిన్నప్పటి నుంచి తండ్రి చేతిని చూసి నేర్చుకున్న చెయ్యి అది, తప్పు చేయడం దానికి రాదు. కళ్ళు గట్టిగా మూసుకుని విసిరాడు. మళ్ళీ విసిరాడు. ఆవిరికి ముక్కు దగ్గర పెట్టి చూడడానికి కూడా ధైర్యం చాలలేదు.

వడ్డించి, వెళ్ళి ఫ్రిజ్‌కు ఆనుకున్నాడు.

ముగ్గురూ కలుపుకున్నారు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది. కళ్ళజోడు చెయ్యి టక్కున ఆగిపోయింది. బావ చెయ్యీ ఆగింది. కళ్ళజోడు తలెత్తి పెద్దన్న వంక చూశాడు. పెద్దన్న కనీ కనబడనట్టు తల అడ్డంగా ఊపాడు. అంతే, చేతులు మళ్ళీ కదిలాయి.

"అబ్బబ్బ! ఏం పప్పురా మాస్టర్!" అన్నాడు పెద్దన్న, రోజూకన్నా గట్టిగా.

"అదిరింది" అన్నాడు బావ, పెరుగు గిన్నె మొత్తం కంచంలోకి ఒంపుకుంటూ.

నీళ్ళ జగ్గు ఖాళీ అయింది. నింపుకొచ్చింది కూడా మాస్టరే.

"ఉప్పు సరిపోయిందా?" అనడిగాడు నిలబడే.

"నువ్వేస్తే సరిపోకపోవడమేంట్రా! ఆదివారం అచ్చం ఇదే పెట్టు" అన్నాడు పెద్దన్న, చెమ్మగిల్లిన కళ్ళతో.

మాస్టర్ బల్ల దగ్గరికొచ్చి, గిన్నెలోంచి చెంచాడు పప్పు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పరుగున వెళ్ళి సింకులో ఉమ్మేశాడు. వెనక్కొచ్చేసరికి ముగ్గురూ కంచాల్లోకి చూస్తున్నారు.

"నిజం చెప్పండి. ఇదెలా ఉంది?"

చివరికి కళ్ళజోడే గొణిగాడు. "ఉప్పు కషాయంలా ఉంది మాస్టర్."

"మరి బాగుందన్నారేం?"

"బాగాలేదంటే నువ్వు మానేస్తావేమోనని..." పెద్దన్న బల్ల కింద నుంచి కాలితో తన్నుతున్నా కళ్ళజోడు ఆగలేదు. "మొదట్లోనే అనుకున్నాం. ఎలా ఉన్నా సరే, ఎవ్వరూ వంక పెట్టకూడదని. బాగుందనే అనాలని."

"ఎలా ఉన్నా సరేనా?"

"అంటే, మామూలుగా బాగానే ఉంటుందిరా!" అన్నాడు బావ తొందరగా. ఆ మాటను ఇప్పుడెవరు నమ్ముతారు?

అతనికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ "అబ్బ"ల మీదే బతికాడు. చదువు పోతున్నా, నిద్ర కరువైనా, ఇదొక్కటైనా తన చేతిలో ఉందనుకున్నాడు. అందులో ఏది నిజమో, ఏది తనను పొయ్యి దగ్గర కట్టేసిన తాడో ఇక ఎప్పటికీ తెలియదు. గరిటె పట్టనని ఒట్టు పెట్టుకున్నవాడికి వంట బాగాలేదేమోనని ఇంత దుఃఖమేమిటో కూడా అర్థం కాలేదు.

ముక్కు తుడుచుకుని చలికోటు విప్పాడు. మడతపెట్టి పెద్దన్న పక్క కుర్చీ మీద పెట్టాడు.

"ఆదివారం నేను వండను అన్నా. సోమవారం నా పరీక్ష. అది పోతే ఇంటికి పోవాల్సిందే."

"అందరికీ చెప్పేశాను కదరా!"

"పప్పు ఇంకా గిన్నెడుంది. అచ్చం ఇదే పెట్టమన్నావుగా."

పెద్దన్న గిన్నె వంక చూశాడు. ఆ మొహం చూస్తుంటే మాస్టర్‌కు జాలేసింది. అలవాటైన మొహమాటం మళ్ళీ గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి వంటగదిలోకి నడిచాడు. ఆకలి దంచేస్తోంది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

చిన్న గిన్నె తీశాడు. ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో తెలియలేదు. వందమందికి చెప్పమంటే నిద్రలో చెప్తాడు, నలుగురికి కళ్ళు మూసుకుని పోస్తాడు. ఒక్కడికి ఎప్పుడూ వండలేదు. గుప్పెడు వేసి, చూసి, ఇంకో గుప్పెడు వేశాడు. పక్క పొయ్యి మీద చారు పడేశాడు. పోపు వాసనకు బావ అలవాటుగా కంచం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"అది ఎవరికి మాస్టర్?"

"నాకు."

బావ కంచం సింకులో పెట్టి వెళ్ళిపోయాడు. చారు పొంగింది. అతను ఉప్పు వేసి, వాసన చూడడానికి వంగబోయి ఆగాడు. గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకున్నాడు. చుట్టూ చూశాడు, నాన్న ఎక్కడో నిలబడి ఉన్నట్టు. తర్వాత నాలుకకు రాసుకున్నాడు.

ఉప్పు సరిపోయింది.