పిందె రాలని మందు

గంజి ఎక్కువైందని ఆదినారాయణ చొక్కాను మంచం మీదికి విసిరికొట్టాడు.

"ఏందే ఇది? తలుపు తొడుక్కున్నట్టుంది!"

"మొన్న మెత్తగా ఉంటే తడిగుడ్డ అన్నావు, ఇప్పుడు తలుపంటాండావు. నీ మెడకు ఏది సరిపోతాదో ఆ మెడనే అడిగి చెప్పు బావా," అంది నిర్మలమ్మ, పొయ్యి ముందు నుంచి లేవకుండానే.

"ప్రొద్దుటూరులో పెద్దమనుషుల మధ్య కూచోవల్ల నేను."

"మందుల అంగడికి పోతాండావు గదరా! పెండ్లిచూపులకు పోయేటోని మాదిరి ఏందా సోకు?" అంది తల్లి వనజమ్మ బియ్యం చెరుగుతూ.

చివరికి ఆ చొక్కానే మోచేతుల దగ్గర నలిపి నలిపి తొడుక్కొని, పులివెందుల బస్టాండుకు వెళ్ళిపోయాడు.

ఆయనకు మందు అవసరం ఎందుకొచ్చిందో నిర్మలమ్మకు బాగా తెలుసు. వనజమ్మ ఆమెకు స్వంత మేనత్త. పెండ్లినాడు తండ్రి పసుపు కుంకుమల కింద ఆమె పేర రాసిచ్చిన చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఊరి పక్కనే ఉంది. చీనీ చెట్లకు పూత రావాలంటే కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, ఆకు వడలినట్టు కాగానే మళ్ళీ కట్టాలి. దాన్నే వాడుకు పెట్టడం అంటారు. ఎప్పుడు ఆపాలో అందరికీ తెలుసు. ఎప్పుడు మళ్ళీ నీళ్ళు పెట్టాలో తెలియడమే సేద్యం. ఈ ఏడు నీళ్ళు ఆపిన ఆదినారాయణ సమితి ఎన్నికల జీపెక్కి జమ్మలమడుగులో మకాం పెట్టాడు. ఎవరి ఓటు ఎటుందో లెక్కలు వేస్తూ కూర్చున్నాడు. ఆయన గెలిపించబోయిన మనిషి ఓడిపోయాడు. ఆయన తిరిగొచ్చేసరికి తోటలో ఆకు సగం నేల మీద ఉంది.

నీళ్ళు పెట్టగానే చెట్లు ప్రాణభయంతో పూసినట్టు విరగబూశాయి. పిందె గుత్తులు గుత్తులుగా నిలిచింది. తర్వాత రాలడం మొదలైంది. ఆదినారాయణ మాత్రం దిష్టి అన్నాడు, గాలి అన్నాడు, చెట్లకు రోగమన్నాడు. తన పేరు తప్ప అన్ని పేర్లూ చెప్పాడు.

సాయంత్రానికి రెండింటితో దిగాడు. ప్రొద్దుటూరు అంగడిలో కొన్న బొటనవేలంత సీసా ఒకటి. వచ్చే దారిలో, జమ్మలమడుగులో ఎన్నికలప్పటి స్నేహితుడైన పాత కాంపౌండరు అంటగట్టిన పెద్ద డబ్బా ఒకటి. డబ్బా మూత తీయగానే వనజమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది.

"సముద్రపు నాచు రసమంట మా. బలానికి," అన్నాడు. "సీసాలోది హార్మోను. బిందెడు నీళ్ళకు నాలుగు చుక్కలు చాలంట. పిందె రాలమన్నా రాలదు."

"రెండూ ఎందుకు?"

"ఏది మంచిదో సూసి, అదే తోటంతా కొడతా."

"రెండూ ఒకటే జాతివి కావు బావా, పోటీ పెట్టేదానికి." అనంతపురం కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన నిర్మలమ్మ, చిన్నపిల్లవాడికి చెప్పినట్టే చెప్పింది. "సీసాలోది చెట్టుకు హుకుం. పట్టుకో అంటే పట్టుకుంటాది, పెంచేదానికి శక్తి ఉందా ల్యాదా అని అది అడగదు. డబ్బాలోది ఆకలి పుట్టించే కషాయం మాదిరి. వేరు చురుగ్గా తీసుకుంటాది, సరే. అయితే వేరు కాడ ఏముంది తీసుకునేదానికి? రెండేండ్లుగా పేడ బండి ఆ తోట గడప తొక్కిందా?"

"కాలేజీ చదువు కట్టెల పొయ్యికి పనికొచ్చింది గానీ, తోటకేం పనికొస్తాదిలే," అని నవ్వాడు.

"జీపులో తిరిగిన చదువు తోటను ఎండబెట్టింది గదా, దానికంటే నయమే."

ఒక వరుసకు సీసా మందు, ఇంకో వరుసకు డబ్బా మందు కొట్టాడు. మధ్యలో ఒక వరుస ఏదీ కొట్టకుండా వదలమంది ఆమె. చెట్ల మధ్య కులభేదమెందుకని ఎగతాళి చేశాడు గానీ, మందు చాలక అదీ వదిలేశాడు. చుక్కలు మాత్రం చెప్పినదానికి రెండింతలు వేశాడు. కొంచెం పనిచేస్తే ఎక్కువ ఇంకా బాగా పనిచేస్తుందని ఆయన నమ్మకం. కాఫీలో చక్కెర దగ్గరా, ఉపన్యాసం దగ్గరా అదే నమ్మకం.

వారాలు గడిచాక ఆమె అత్తను వెంటబెట్టుకొని తోటకు వెళ్ళింది. డబ్బా వరుసలో ఆకు నిగనిగలాడుతోంది, పిందె మాత్రం ఏ మందూ లేని వరుసలోలాగే రాలుతోంది. సీసా వరుసలో ఒక్క పిందె రాలలేదు. కొత్త ఆకులు ముడుచుకుపోయి దొప్పల్లా వంకరగా ఉన్నాయి. నిర్మలమ్మ ఒక కొమ్మ వంచి చూసింది. చివర జానెడు మేర ఎండి, పుటుక్కున విరిగింది. పక్క కొమ్మా అంతే. పిందెలు మాత్రం ఆ ఎండిన పుల్లలను పట్టుకొని వేలాడుతున్నాయి.

"మొదట్లో ఈ చెట్లు ఒళ్ళంతా పచ్చగుండె," అంది వనజమ్మ. ఆ అంట్లు నాటించింది ఆమె తమ్ముడే, నిర్మలమ్మ తండ్రి.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆదినారాయణ మహా హుషారుగా ఉన్నాడు.

"సూసినావా, ఒక్క పిందె రాలిందా? రెండు మందులూ కలిపి రేపు తోటంతా కొట్టిస్తాండా. శుక్రవారం కాయల యాపారి దావూద్ వస్తాండాడు. చెట్టు నిండా కాయ సూపిచ్చి, ఆడికాడే కాపంతా గుత్తకిచ్చేస్తే మనకు తలనొప్పుండదు. ఆపైన రాలితే రాలనీ, ఎండితే ఎండనీ, కాయ ఆయనది."

"చెట్టు ఎవరిదప్పా?" అంది వనజమ్మ, చెంచా గిన్నెలోనే ఆపి.

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "చెట్టుకేమైందిప్పుడు?"

నిర్మలమ్మ మొగుడి వైపు చూసింది. ఎదుటి మనిషిని మోసం చేయబోతున్నానన్న సంగతి కూడా ఆయనకు తట్టినట్టు లేదు. తెలిసి చేస్తే కోపం వచ్చేది. ఇప్పుడు కోపం కూడా దండగనిపించింది.

"కొమ్మల చివర్లు ఎండిపోతాండాయి. కొట్టి ఇన్నాళ్ళాయ, ఒక్క కొమ్మ వంచి సూసినావా? సాకలేని కాయను చెట్టే వదిలేస్తాంటే, నువ్వు వదలనిస్తాండ్ల్యా. తోటంతా కొడితే వచ్చే ఏటికి కట్టెలు మిగుల్తాయి."

"అయితే ఏం జేయమంటావు? ఊర్లో నా మాటకు..."

"నిన్నేం చేయమన్ల్యా." ఆమె పెరుగు గిన్నె ఆయన ముందుకు జరిపింది. "ఈ ఏడు గుత్త ల్యాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి దావూద్ అన్నకు సాయంత్రమే కబురు పంపినా. రేపు పొద్దున కూలోళ్ళు వస్తారు, ప్రతి చెట్టుకూ సగం పిందె గిల్లిచ్చేస్తా. పేడ బండ్లు మాట్లాడినా. నీళ్ళ ఇంజను తాళం నా కాడుంటాది. ఎన్నికలొచ్చినా, పండగొచ్చినా, ఎప్పుడు నీళ్ళు ఆపేది, ఎప్పుడు కట్టేది నేనే చెప్తా. తోట నా పేర ఉంది, ఇంక పనీ నా పేరే."

"మా, ఇన్యావా దీని మాటలు?" అన్నాడు ఆదినారాయణ.

"ఇన్యా," అంది వనజమ్మ. "పొద్దున్నే నేనూ పోతాండా. నీ అన్నం నువ్వే పెట్టుకో."