పదకొండు మైళ్ళ దాకా లాకు లేదు

బస్సు పదకొండు నలభైకి, ఇప్పుడు పదకొండూ ఐదు, లాకులో నీళ్ళు ఖాళీ అయి పడవ కిందికి దిగడానికి పది నిమిషాలు, లాకు దాటాక వంతెన పక్కనే బస్సు ఆగే చోటు, అంటే జెనెట్‌ను ఆపడానికి నాకు మిగిలింది అరగంట, ముప్పై ఒక్కేళ్ళ కాపురానికి అరగంట, ఈలోగా ఒక్క మాట అనగలిగితే చాలు, ఉండిపో అని, మూడంటే మూడక్షరాలు, అవి గొంతు దాకా బుద్ధిగానే వస్తాయి, నాలిక మీదికి రాగానే వేషం మార్చేసుకుంటాయి, పొద్దున పొయ్యి దగ్గర కూడా అదే జరిగింది, ఉండిపో అనబోయి ఉడికిపో అన్నాను, గిన్నెలో గుడ్డును చూస్తూ, ఆమె నవ్వలేదు, గుడ్డు కూడా నవ్వలేదు, తరవాత ఎర్ర సంచీ భుజాన వేసుకుని ఈ ఒక్క లాకూ తిప్పేసి వెళ్తాను, లెస్టర్‌లో మా అక్క బస్టాండుకు వస్తుంది అంది, ఎన్నాళ్ళకు వెళ్తున్నావని నేను అడగలేదు, లెస్టర్‌లో లెస్సగా ఉంటావులే అన్నాను, ఏం నోరిది నాది, చుక్కాని చేతిలో ఉన్న మనిషినే గాని నా నాలికకు మాత్రం చుక్కాని లేదు, చూశారా, మళ్ళీ, లోపలే అనుకున్నా అదే వరస, నీరు తగ్గుతోంది, నోరు తగ్గడం లేదు, ఇక్కడ పడవ వెనక కొసన నిలబడి అంగుళం అంగుళం గోతిలోకి దిగిపోతున్నాను, ఏడడుగుల వెడల్పు లాకు, ఆరడుగుల పదంగుళాల పడవ, అటో వేలు ఇటో వేలు, రెండువైపులా రెండు వందల ఏళ్ళ నాటి ఇటుకలు, పాచి పట్టి కారుతూ, పైన ఒక తువ్వాలంత ఆకాశం, ఆ తువ్వాలు అంచున జెనెట్ బూట్లు, ఆమె చేతిలో ఒక చెయ్యి ఉంది గాని అది నాది కాదు, గేట్లలో నీళ్ళు వదిలే షట్టర్లు తిప్పే ఇనుప చెయ్యి.

మూడేళ్ళుగా ఇదే, ప్రతి లాకులోనూ గోతిలో ఉండేవాణ్ణి నేను, గడ్డి మీద తిరిగేది ఆమె, పైన ఎండైనా వానైనా ఆమెదే, కింద చీకటీ చెమ్మా నావి, ఈ మార్చి నెలలో తెల్ల ముళ్ళపూలు పూశాయనీ గొర్రెపిల్లలు దిగాయనీ ఆమె బూట్లకు అంటిన బురదను బట్టే నాకు తెలియాలి, అయినా నేనేమన్నా అన్నానా, అంటూనే ఉన్నాను నిజమే, బోరుబావిలో పడ్డ గేదెలా ఉన్నాను చూడమని కింద నుంచి అరుస్తూనే ఉంటాను ప్రతి లాకులోనూ, ఆమె పైనుంచి తలూపుతుంది, నా హాస్యాలకు ఆమె తలూపడం ముప్పై ఒక్కేళ్ళ అలవాటు, పెళ్ళికి ముందు గ్రంథాలయంలో పుస్తకాల మీద ముద్ర వేస్తూ కూర్చునేది, నేను తివాచీల కొట్టు మానేజరును, పుస్తకం తిరిగిచ్చే వంకతో వెళ్ళి తివాచీ మీద ఒకటి, తేదీ ముద్ర మీద ఒకటి వదిలేవాణ్ణి, మెల్లగా అండీ, ఇక్కడ చదువుకుంటున్నారు అనేది వేలు పెదవి మీద పెట్టుకుని, ఆ వేలు చూసే పడిపోయాను, పడిపోయి పడవలో తేలాను, ఇల్లు అమ్మేద్దామన్నదీ నేనే, పడవ కొందామన్నదీ నేనే, పేరు తేలిక అని రాయించిందీ నేనే, తేలుతుంది కాబట్టి తేలిక, బతుకూ తేలిక, అటు చూసినా ఇటు చూసినా తేలికే అని రేవు రేవునా అందరికీ విప్పి చెప్పాను, వాళ్ళ అమ్మ పేరు పెడదామంది జెనెట్, ఐరిస్ అని, బాగానే ఉంది గాని అందులో చమత్కారం లేదన్నాను, తలూపింది.

పై గట్టు అంచున, సరిగ్గా నా నెత్తి మీదికి వంగి, టోపీ పెట్టుకున్న పెద్దాయన, పక్కన తడిసిన కుక్క, లాకు దగ్గర పడవ కనిపిస్తే చాలు ఎవరో ఒకరు వచ్చి నిలబడి చూస్తారు, అడిగేది కూడా ఒకటే ప్రశ్న, అడిగాడు, ఏం బాబూ, చలికాలంలో ఇందులో చలెయ్యదా అని, నా దగ్గర సిద్ధంగా ఉంటుంది జవాబు, లోపలికి రావాలంటే చలి కూడా పక్కకు తిరగాలండీ, అంత చోటెక్కడిది అన్నాను, పెద్దాయన కుక్కతో సహా ఊగిపోతూ నవ్వాడు, ఎవరైనా నవ్వితే ఇక నన్ను పట్టలేరు, ఆ సంగతి నాకూ తెలుసు, మూడక్షరాలు చెప్పాల్సిన అరగంటలో ఎవరో దారిన పోయే మనిషికి ముప్పై మాటలు చెబుతున్నాను, మా ఆవిడకు లాకులంటే పిచ్చి సార్, ఏ దారిలో లాకులు ఎక్కువుంటే ఆ దారే పట్టమంటుంది, టార్డెబిగ్ దగ్గర వరసగా ముప్పై లాకులు, మధ్యలో ఎక్కి టీ తాగమంటే వినదు, ఒకటి తిప్పగానే తరవాతిది సిద్ధం చేస్తానని ముందుకు నడిచిపోతుంది, టీ కప్పు పట్టుకుని నేను వెనకాల పడవేసుకుని, అవునా అమ్మా అన్నాడు పెద్దాయన ఆమెతో, అవునండీ అంది జెనెట్, లాకులంటే ఇష్టమే, ఆ గొంతులో ఏదో ఉంది, నేను పట్టుకోలేదు, ఎందుకంటే అప్పటికే తరవాతి వాక్యం నోట్లో ఉంది, ఇవాళ్టికి విశ్రాంతి సార్, ఇదే ఆఖరిది, ఇక్కడి నుంచి పదకొండు మైళ్ళ దాకా లాకు లేదు, అద్దంలాంటి నీళ్ళు, రాత్రి పటం చూసి చెప్పగానే మా ఆవిడ లేచింది, పండగ చేస్తుందేమో అనుకుంటే సంచీ సర్దుకుంది, ఆడవాళ్ళు మనకు అర్థమవుతారా అన్నాను, పెద్దాయన నవ్వలేదు ఈసారి, కుక్క నా వైపు చూసింది, ఇంజనును కాస్త వెనక్కి లాగి పట్టి ఉంచాను, పడవ ముక్కు ముందు గేటుకు తగలకుండా, ఆ గేటు కారేది బయటికే, అయినా ముందు అరుగు మీద జెనెట్ బఠాణీ పూల నారు ఉంది, పెరుగు డబ్బాల్లో మొలకలు, నిన్న పైకి ఎక్కిన లాకులో గేటు నీళ్ళు వాటి మీద పడ్డాయి, నారు అంది ఆమె, ఒక్క మాటే అంది, నిన్నంతా ఆమె అన్నది ఆ ఒక్క మాటే, అందుకని ఇవాళ వెనక్కి పట్టి ఉంచాను, చూస్తుందేమో అని, నారు తడవకుండా కాపాడానని ఆమె చూస్తే ఉండిపోతుందేమో.

ఏదో గీసింది అడుగున, ఇనుము రాయి మీద, మెల్లగా, నేను ఇంకా పెద్దాయన వైపే చూస్తున్నాను, కాళ్ళ కింద ఏదో తేడా, గోడ మీద పాచి పక్కన పడవ ముందు కొస దిగుతోంది వెనక కొస దిగడం లేదు, పొయ్యి గొట్టం పొగ వాలింది, లోపల కెటిలు బల్ల మీద నుంచి జారి పడ్డ చప్పుడు, తరవాత కంచాలు, ఒకటి కాదు అన్నీ, గడప, దేవుడా, గడప, పై గేటు కింద నీళ్ళల్లో దాక్కుని ఉండే రాతి గడప, దాన్ని దాటి ముందుకు ఉండాలని గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది ప్రతి లాకులోనూ, దిగే లాకులో ఆ గీతకు వెనక్కి జరిగే పడవవాడు ఉండడు, ఉంటే రెండోసారి ఉండడు, కొత్తవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి, కొత్త పెళ్ళికూతురు గడప దాటాలి కొత్త పడవా గడప దాటాలి అని, ఇప్పుడు తేలిక వెనకభాగం గడపెక్కి కూర్చుంది, ముందుభాగం నీళ్ళతోపాటు దిగిపోతోంది, నిచ్చెన గోడకు నడిమధ్యన, వాలిన పైకప్పు మీద బొగ్గు బస్తాలు జారుతున్నాయి, అటు వెళ్ళలేను, ఇటు దూకలేను, ఉండిపో అనాల్సినవాణ్ణి నేనే ఉండిపోయేలా ఉన్నాను, జెనెట్ అన్నాను, అదొక్కటే వచ్చింది, వెనకాల ఏమీ రాలేదు, మొదటిసారి ఆమె పేరు తోక లేకుండా వచ్చింది నా నోట్లోంచి.

ఆమె అరవలేదు, పరిగెత్తింది, కింది గేటు షట్టర్లు గడగడమని పడి మూసుకున్నాయి రెండూ, నీరు ఆగింది, బూట్ల చప్పుడు నా తల మీదుగా పై గేటు వైపు, పెద్దాయన ఏం చెయ్యమంటావమ్మా అంటే కుక్కను దూరంగా పట్టుకోండి చాలు అంది, ఇనుప చెయ్యి పళ్ళచక్రం మీద పడ్డ టక టక, పై నీళ్ళు లోపలికి వదులుతోంది, కొంచెం కొంచెంగా, ఒక్కసారి తెరిస్తే వరద నా మీదే, ఆమెకు తెలుసు, అన్నీ తెలుసు, తల వంచి చూసింది, ఇంజను ఆపు అంది, ఆపాను, నోరు కూడా అంది.

ఆపాను, ఇక ఏమీ లేదు, నీళ్ళు లోపలికి వస్తున్న చప్పుడు, దుప్పటి దులుపుతున్నట్టు, ఎక్కడో గొర్రెపిల్ల, ముళ్ళపొదలో అవే రెండు స్వరాలు పట్టుకుని విసుగు లేకుండా పాడే చిన్న పిట్ట, మార్చిలో వస్తుంది అది, మూడు మార్చిలు దాన్ని వినలేదు నేను, పిట్టకు తోడు ఇంకోటి, సన్నగా, పిట్ట కాదు, జెనెట్, పై గేటు తోసే దూలం మీద ఎర్ర సంచీ పక్కన కూర్చుని షట్టరు మీద ఒక కన్నేసి, నీరు నిండే దాకా ఇంకేం పని లేదు గనక, నోరు తెరవకుండా పాడుకుంటోంది, పాట కూడా కాదు, రాగమే, పడవ మునగబోయి ఆగింది, కంచాలన్నీ పగిలాయి, ఆమె కూనిరాగం తీస్తోంది, అంటే ఇది ఇవాళ పుట్టింది కాదు, అలవాటు, చేతిలో ఇనుప చెయ్యి ఉంటే దానంతటదే వచ్చేస్తుంది, ముప్పై ఒక్కేళ్ళుగా ఒకే పక్కా ఒకే దీపం, ఈ రాగం నాకు తెలియదు, ఇంట్లో ఎప్పుడు పాడింది, ఎప్పుడూ లేదు, పడవలో ఎప్పుడు, ఎప్పుడూ లేదు, అడుగున ఏదో జారింది, తేలిక ఒక్కసారి ఊగి నిటారుగా నిలబడింది, నేను పైకి లేస్తున్నాను, ముందు బూట్లు, తరవాత మోకాళ్ళు, తరవాత ఒళ్ళో పెట్టుకున్న చేతులు, తరవాత మొహం, రాగం ఆగిపోయింది, నా మొహం పైకి రాగానే ఆగింది, అది చూశాను.

అనడానికి ఎన్ని ఉన్నాయి, గడప తొక్కిన అల్లుణ్ణి అనొచ్చు, కంచాలు పోయాయి గనక ఇక కంచి దాకా పోవచ్చు అనొచ్చు, పళ్ళు బిగించి మింగాను, మాత్ర మింగినట్టు, గట్టు మీదికి అడుగేశాను, చెయ్యి చాచాను ఇనుప చేతి కోసం, నువ్వు నడుపు, ఈసారి పైన నేనుంటాను అన్నాను, గొంతు నాది కాదేమో అన్నంత చిన్నగా వచ్చింది, బస్సుంది అంది, తెలుసు అన్నాను, నడపడం నాకెప్పుడిచ్చావు నువ్వు అంది, జవాబు ఉంది, చమత్కారంగానే ఉంది, మింగాను, ఇది పెద్ద మాత్ర, ఆ బస్సు ఎప్పుడూ ఆలస్యమేలేమ్మా అన్నాడు పెద్దాయన కుక్క చెవులు నిమురుతూ, ఆమె నన్ను చాలాసేపు చూసింది, తేదీ ముద్ర వేసే ముందు పుస్తకం పాడైందేమో అని చూసేదే ఆ చూపు, ఎర్ర సంచీ దూలం మీదే ఉంచి పడవెక్కింది, ఇంజను వేసింది, తెల్ల గీత దాటి రెండడుగులు ముందుకు తెచ్చి నిలిపింది, నారు తడవకుండా, గేటు తగలకుండా, నాకంటే నయంగా, షట్టర్లు నేను తిప్పాను, భుజాలు పట్టేశాయి, ఈ బరువు ముప్పైసార్లు ఒక్క పూటలో, టీ కూడా తాగకుండా, నీరు తగ్గింది, ఆమె దిగిపోతోంది, భుజాలు, తల, పైకెత్తిన మొహం, వాలకం చూస్తే ఏదో అంటోంది, పెదవులు కదులుతున్నాయి, ఇంజను మోత, నీళ్ళ మోత, గోడల మధ్య అంతా కలిసిపోయి ఒక్క ముక్క కూడా నా దాకా రావడం లేదు, ఏంటి అన్నాను, మళ్ళీ కదిలాయి పెదవులు, ఏమీ వినబడలేదు, తలూపాను, తలూపాక నా మెడ నాకు తెలిసింది, ఈ ఊపు ఎవరిదో తెలిసింది, వంతెన మీద బస్సు వచ్చి ఆగిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు, కింద ఆమె తలెత్తి వంతెన వైపు చూసింది, చేతి గడియారం చూడలేదు, బస్సు కదిలిపోయింది.

కింది గేటు తెరిచాను, తేలిక బయటికి వచ్చింది, ఎర్ర సంచీ నా భుజాన ఉంది, గట్టు బాట మీద పడవ పక్కకు వచ్చాను, సంచీ అందిస్తే పైకప్పు మీద బొగ్గు బస్తాల మధ్య పెట్టింది, లోపల పెట్టలేదు, తరవాతి వంతెన దగ్గర ఒంటి గంటకు ఇంకో బస్సుంటుంది అంది, తలూపాను, ఎక్కలేదు నేను, పడవ మనిషి నడకంత వేగంతోనే పోతుంది, నడిచే వస్తాను అన్నాను, ఆమె ఒక్క క్షణం చుక్కాని వదిలేసినంత పని చేసింది, ఎన్ని మైళ్ళో తెలుసా అంది, పదకొండు అన్నాను, అంతే అన్నాను, వెనకాల నడు, పక్కన కాదు అంది, పెదవి మీదికి వేలు రాలేదు గాని వచ్చినట్టే ఉంది, ఆగాను, పడవ పొడవంతా నన్ను దాటి పోనిచ్చాను, ఇంకో ఇరవై అడుగులు పోనిచ్చాను, ఇంజను మోతలో ఏమీ వినబడదు ఇక్కడికి, కాని ఆమె వీపు కనిపిస్తోంది, తల కొంచెం పక్కకు వాలి కొలతగా ఊగుతోంది, రాగానికి ఊగినట్టు, లాకులంటే ఇష్టమే అంది పెద్దాయనతో, నిజమే చెప్పింది, మూడేళ్ళూ ఎక్కువ లాకులున్న దారే అడిగింది, ముప్పై లాకుల మధ్య టీకి ఎక్కలేదు, పదకొండు మైళ్ళ దాకా లాకు లేదని నేను చెప్పిన రాత్రే సంచీ సర్దింది, ఇన్నాళ్ళూ ఇటుక గోడల మధ్య ఇరుక్కున్నది నేననుకున్నాను, ఆ పది నిమిషాలు నేను గోతిలో ఉండి నా మాట పైకి వినబడకపోవడమే ఆమెకున్న ఒకే ఒక్క వాకిలి, ఇక్కడ లాకు లేదు, పదకొండు మైళ్ళ పొడవునా లేదు, వెనకాల నడుస్తున్నాను.