చేతికి తగిలే తీగ

నాంపల్లిలో వడ్రంగిపని చేసే ఇజ్రాయేల్‌కు ఆ ఆర్డరు వింతగా తోచింది. టేకు టేబుల్ మీద తెల్లకర్రతో మల్లెతీగ పొదగాలట, కానీ తీగ జర పైకి తేలి ఉండాలట.

"రందా పట్టి చెక్కంత సమానంగ చేస్తెనే అందం సార్. గిట్లెందుకు?" అని అడిగాడు.

ఆబిడ్స్‌లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై, ఈ ఆర్డరిచ్చిన వామన్‌రావు నవ్వాడు. "తయారైనంక నీకే తెలుస్తది."

టేబుల్‌కు వంపు కాళ్లు బిగించిన రోజు ఆయన తన భార్య ప్రభావతిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చూపు లేని ఆమె వేలు తీగ వెంట మెల్లగా నడిచి, చివరి ఆకు దగ్గర ఆగింది.

"నా చాయ్ కప్పు గీడ పెడతరా?" అని అడిగిందామె.

"ఔ, రోజూ గీడనే," అన్నాడు వామన్‌రావు.

ఇజ్రాయేల్ కళ్లు మూసుకుని తానూ తీగంతా తడిమాడు. ఒక ఆకు అంచు గరుకుగా తగిలింది.

"రెండు రోజులు ఆగున్రి సార్, ఆకుల అంచులు ఇంకింత నున్నగ చేసిస్త," అన్నాడు.