ఈగలు వాలిన కాలు

నిన్న సాయంత్రం కుంటిన కాలు తెల్లారేసరికి బాగైపోతుందా? పీరాసాబ్ ముప్పై ఏళ్లుగా గుర్రాలకు లాడాలు కొడుతున్నాడు, ఇంత వింత ఎక్కడా చూడలేదు. నిన్న ఈ గుర్రం, బిజిలీ, ఎడమ ముందుకాలు నేలకు ఆనించడానికే జంకిన మాట నిజం. ఈరోజేమో కంబదూరు రాళ్లదారిలో అరవై కిలోమీటర్లు ఏమీ ఎరగనట్టు పరుగెత్తి వచ్చింది!

అతని అనుమానమంతా యజమాని దేవేంద్ర మీదే. పొద్దున్నే లాయం దగ్గర తచ్చాడుతూ కనిపించాడు. గుర్రాన్ని కొన్న మనిషే గానీ దాన్ని ఒక్కసారైనా నిమిరిన పాపాన పోలేదు. ఎనభై కిలోమీటర్ల ఈ పోటీ గెలిస్తే, బిజిలీ మీద స్వారీ చేస్తున్న పీరాసాబ్ కొడుకు తౌఫిక్‌కు బెంగళూరు లాయంలో ఉద్యోగం ఖాయం. అందుకే పీరాసాబ్ పొద్దుటినుంచీ అనుమానాన్ని గొంతులోనే నొక్కిపెట్టుకున్నాడు. సిగ్గులేని తండ్రి!

ప్రతి మజిలీలో డాక్టరు సరేనంటేనే గుర్రం ముందుకు పోవాలి. చివరి మజిలీలో డాక్టర్ హేమావతి గుండె చూసింది, చిగుళ్లు చూసింది, నడిపించి చూసింది. అరగంట విశ్రాంతి ఇచ్చి, మిగిలిన ఇరవై కిలోమీటర్లు పోవచ్చంది.

కానుగ చెట్టు నీడలో చెమటకు ఈగలు ముసిరాయి. బిజిలీ మూడు కాళ్లు టపటపా నేలకేసి కొడుతోంది. ఎడమ ముందుకాలి మీద మాత్రం ఈగలు దర్జాగా కూర్చున్నాయి. ఆ కాలు కదలనే లేదు.

పీరాసాబ్‌కు అర్థమైపోయింది. మొద్దుబార్చే మందు ఎక్కించారు! నొప్పి తెలియని కాలితో ఈ రాళ్లలో ఇంకా పరుగెత్తిస్తే ఎముక విరుగుతుంది. విరిగితే బిజిలీ ఇక లేవదు.

వంగి, ఆ కాలికున్న నల్లదారం పైకి జరిపాడు. దాని కింద సూది గుచ్చిన చోట ఎండిన రక్తపుచుక్క. దేవేంద్రను కడిగేద్దామని లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. ఆ దారం దేవేంద్ర కట్టలేదు. దిష్టి తగలకూడదంటూ పొద్దున తౌఫిక్ కట్టాడు. తను చూసి మురిసిపోయాడు కూడా.

కొడుకు పక్కనే జీను బిగిస్తున్నాడు. తండ్రి ముఖంలోకి చూడలేదు.

"ఇంగ ఇరవై కిలోమీటర్లే నాయనా. ఎవురికీ తెలీదు."

"దానికీ తెలీదు కదరా. నా భయమంతా అదే."

పీరాసాబ్ డాక్టరును పిలిచాడు. "అమ్మా, ఈగలు వాలినా ఈ కాలు కదలకుండా ఉండాది. సూదితో పొడిచి చూడు."

పొడిచింది. బిజిలీ చలించలేదు. హేమావతి అక్కడికక్కడే గుర్రాన్ని పోటీనుంచి తప్పించి, కాగితం తీసి, మందు ఎవరు వేశారని అడిగింది. అందరూ దేవేంద్ర వైపే చూశారు. అతను తెల్లబోయి నిలబడ్డాడు. పీరాసాబ్ నోరు మూసుకుంటే చాలు, కొడుకు గట్టెక్కుతాడు.

"నా కొడుకమ్మా. తౌఫిక్. రాసుకో."

ఆ మాట అనేసి బిజిలీ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అది తోలుకోలేని ఈగల్ని తన చేత్తో తోలుతూ ఏడ్చాడు.