గిరాకీ తీసుకెళ్ళని కోటు

ఆ పొద్దున ఆకాశం పిండి ఆరేయడం మరిచిన గుడ్డలా ముద్దగా ఉంది. వాన పడదు, ఎండ రాదు. లాయరమ్మ గొడుగు చంకలో పెట్టుకుని దర్జీ ఇంటి మెట్లెక్కింది.

మతి తప్పిన పెద్దవాళ్ళ తరఫున మాట్లాడటానికి కోర్టు పంపే మనిషి ఆమె. దర్జీ మంచీచెడూ ఇకమీదట ఎవరు చూడాలో రేపటి విచారణలో తేలిపోతుంది. తనకే అప్పగించమని ఆయన అన్నకొడుకు అర్జీ పెట్టాడు. చేతికొస్తే ముసలాయన్ని ఆశ్రమంలో దించి ఇల్లు అమ్మేస్తాడు. కొడుకు పోయాక కూడా మామని కనిపెట్టుకుని ఉన్న కోడలికి ఆయనిచ్చిన మాటే గానీ చేతిలో కాగితం లేదు.

"మతి బాగున్నప్పుడే బాబాయి ఈవిడ పేర కాగితం రాశాడట మేడమ్," అన్నాడు అన్నకొడుకు. "ఏదీ? బీరువా, పెట్టె, పరుపు, అన్నీ దులిపాను. బొద్దింకలు దొరికాయి."

"దులిపింది నువ్వేగా బాబూ. దొరికితే నాకు చెప్తావా?" అంది కోడలు.

పెద్దవాళ్ళతో ఒంటరిగా మాట్లాడాలన్నది లాయరమ్మ పని పద్ధతి. ఇద్దరినీ వంటింట్లోకి పంపి తలుపు వేసింది. ముసుగేసిన మిషను, గోడకు నిలువుటద్దం. దర్జీ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"తాతగారూ, ఇవాళ ఏ వారం?"

ఆయన ఆమె ముఖం చూడలేదు. భుజాలు చూశాడు.

"ఎడమ భుజం అరంగుళం దిగిందమ్మా. చిన్నప్పుడు గోడ మీంచి పడ్డావు కదూ?"

లాయరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది. ఆమె ఈ ఊరొచ్చి ఆరు నెలలు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు.

"మీకెవరు చెప్పారు?"

"నువ్వే. ఆ అద్దం ముందు నిలబడి."

అద్దంలోకి చూసింది. వెనక మేకుకి నల్లకోటు వేలాడుతోంది. ఒక్క క్షణం అది వేలాడుతున్నట్టు లేదు, ఎవరో తొడుక్కుని నిలబడ్డట్టుంది.

"నీకోసం మూడేళ్ళు ఎదురుచూశాను," అన్నాడు దర్జీ. "తొడుక్కో."

కోటు ఒంటికి అతికినట్టు సరిపోయింది. ఎడమ భుజంలో మెత్త అరంగుళం ఎక్కువ. కాలరుకు గుచ్చిన చీటీ మీద మూడేళ్ళ నాటి తేదీ ఉంది, పేరు లేదు. 'వచ్చి తీసుకుంటుంది' అని మాత్రం ఉంది. చెయ్యెత్తితే లోపలి అస్తరు గుడ్డలో ఏదో గరగరలాడింది.

తలుపు తీసి ఇద్దరినీ పిలిచింది. అన్నకొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అది గిరాకీ బట్ట మేడమ్. ముట్టుకోకూడదు!"

ఆ ఇంట్లో అదొక్కటే కట్టుబాటు. కుట్టిన బట్ట కుట్టించుకున్న గిరాకీ సొత్తు, జేబులో వేలు కూడా పెట్టకూడదు. పసితనంలో ఆ తప్పుకే అతని వేళ్ళ మీద స్కేలు విరిగింది. అందుకే ఇల్లంతా దులిపినవాడు కోటు జోలికి పోలేదు.

కోడలు కత్తెరతో అస్తరు కుట్టు విప్పింది. మడతపెట్టిన కాగితం వచ్చింది. 'నాకు మతి తప్పితే నా తరఫున నిర్ణయాలు నా కోడలివి. నేను ఈ ఇంట్లోనే ఉండాలి.' ఇద్దరు సాక్షులు. మనసు స్థిమితంగా ఉందని డాక్టరు సంతకం. దాని మీదా చీటీ మీది తేదీయే.

"ఈ కోటు ఎవరిదమ్మా?" అంది లాయరమ్మ.

"ఎవరో లాయరమ్మదట. అప్పట్లో రోజూ మధ్యాహ్నం కొలతలివ్వడానికి వచ్చేదట. నాకైతే ఒక్కనాడూ కనపడలేదండీ."

"విన్నారా!" అన్నకొడుకు గొంతు లేచింది. "అప్పటికే అద్దంతో మాట్లాడేవాడు. పిచ్చి! రేపు కోర్టులో అదే చెప్తాను."

"చెప్పండి. డాక్టరు సంతకం నేను చూపిస్తాను," అంది లాయరమ్మ. కోటు గుండీ పెట్టుకుంది. "ఇది తొడుక్కునే వస్తాను."

అతను కోటు వంక చూశాడు. వేళ్ళు మడుచుకున్నాడు.

కోడలు నాలుగు కంచాలు పెట్టింది. పనిమీద వెళ్ళిన ఇంట్లో తినని లాయరమ్మ కూడా కూర్చుంది. దర్జీకి కోడలు ముద్ద కలిపి పెట్టింది. ఆయన నములుతూ, ఎదురుగా ఉన్న అన్నకొడుకు భుజాల మీదే చూపు నిలిపాడు. కొత్త బట్టకి కొలత తీస్తున్నట్టు ఎంగిలి చేత్తోనే గాలిలో ఒక జాన కొలిచాడు. అన్నకొడుకు తల దించుకున్నాడు. నలుగురూ తిన్నారు.